గాలికి ఎదురు నడిచిన గత్తర

సోమవారం, పొద్దు షిఫ్టు

గాలి బాగుంది.

రోజూ ఈ మాటతోనే మొదలుపెట్టాలని మా ఊరి కట్టుబాటు. నాకంటే ముందు ఊరి గాలిని చూసుకునే ‘గాలి పెద్ద’ కొలువు చేసినవాళ్లంతా ఇలాగే రాశారు. గాలి బాగాలేని రోజు ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పిపోలేదు. ఈ భూలక్ష్మి హయాంలో ఆ అవసరం రాలేదు, రానివ్వను కూడా.

పొద్దున్నే తూర్పున దిగుడు బాయి దగ్గర మొదలుపెట్టి పడమటి పంకా దాకా ఒక చుట్టు తిరిగాను. పైలోకపు గాలి దిగుడు బాయిలోంచి నేల కిందున్న మా ఊళ్లోకి వచ్చి, మొదటి గల్లీ నుంచి ఆరో గల్లీ దాకా వరసగా అందరి ఇళ్లనూ పలకరించి, పంకా లాగితే మళ్లీ పైకి పోతుంది. అంటే మొదటి గల్లీవాళ్లు పీల్చి వదిలిన గాలి రెండోవాళ్లకు, రెండోవాళ్లది మూడోవాళ్లకు. ఆరో గల్లీ చేరేసరికి అందులో ఊరందరి పోపులూ చెమటలూ గురకలూ కలిసి ఉంటాయి. అందుకే మొదటి గల్లీ పిల్లను అటువైపు ఇవ్వడానికి ఎవరూ ఇష్టపడరు. మా చెల్లెలు సరోజన నాలుగో గల్లీ అబ్బాయిని చేసుకున్నప్పుడు మా చుట్టాలంతా ముక్కు చిట్లించారు. ఆ అబ్బాయి చనిపోయాక కూడా అది పుట్టింటికి తిరిగి రాలేదు. అత్త రాజవ్వను వదిలి రానంటుంది. ఆ అత్తాకోడళ్ల పొత్తు చూస్తే నాకే కాస్త కుళ్లుగా ఉంటుంది.

ప్రతి గల్లీ మొదట్లో కట్టిన తెరలను చూడటం నా తర్వాతి పని. వట్టివేళ్లతో అల్లిన ఈ తెరల మీదికి కుండీలోంచి సన్నగా నీళ్లు జారుతుంటాయి. గాలి ఆ తడిలోంచి దూరి చల్లబడి, దుమ్మూ కంపూ అక్కడే వదిలేసి లోపలికి పోతుంది. తెర అడుగున ఇత్తడి తొట్టిలో పడేవి తెరనీళ్లు. గాలినే కడిగిన నీళ్లకంటే శుభ్రమైనవి ఇంకేముంటాయి? ఇంటికి ఎవరొచ్చినా మొదట ఒక గ్లాసు తెరనీళ్లు ఇస్తాం. నాలుగో గల్లీ దాకా వట్టివేరు సరిపోతుంది. ఐదు, ఆరు గల్లీలకు గోనెసంచులే గతి. గోనె కంపు కొట్టే ఆ నీళ్లను ఎవరు తాగుతారు? పాపం వాళ్లు చాయ్ కాచుకుంటారు.

ఊరు మొత్తంలో తెరనీళ్లు ముట్టని పెద్దింటి బిడ్డ మా సరోజన ఒక్కతే. దానికి వట్టివేరు వాసన పడదు, పుట్టుతుమ్ములు. చిన్నప్పుడు పెళ్లిళ్లకు తీసుకెళితే గ్లాసు మూతి దగ్గరికి రాకముందే తుమ్మి పరువు తీసేది. "ఆరో గల్లీల పుట్టాల్సిన పిల్ల" అని మా అమ్మ తల పట్టుకునేది.

పంకాకు గ్రీజు పెట్టేవాళ్లు ముచ్చట్లలో పడి ఇరుసు ఎండగట్టారు. "మీకు గత్తరొచ్చి పోను, నా ఊపిరి ఆపుతరా ఏంది!" అని నాలుగు తిట్టాను. నవ్వుకుంటూ లేచారు. మా ఊళ్లో ఆ తిట్టుకు ఎవరూ భయపడరు, పిల్లిని తోలడానికి కూడా అదే వాడతాం.

ఇంకొకటి రాయాలి. వట్టివేరు కోతకు పైకి పోయిన జట్టు నిన్న దిగింది. అందులో ఒకతనికి నాలుగో గల్లీలో వాంతులట. పైనెండ దెబ్బ అయి ఉంటుంది. తెచ్చిన వేళ్లను మాత్రం శుభ్రంగా ఆ గల్లీ కుండీలోనే కడిగి ఆరేశారు.

బుధవారం, పొద్దు షిఫ్టు

గాలి బాగుంది, నాలుగో గల్లీలో తప్ప. ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు.

పైకి పోయొచ్చిన మనిషి చనిపోయాడు. అతని ఇంట్లో ఇద్దరు, ఎదురింట్లో ఒకామె, ఆ పక్క వరసలో ఇంకా ఎందరో పడ్డారు. కడుపులోంచి గంజినీళ్లలా పోతూనే ఉంటుంది. పొద్దున మాట్లాడిన మనిషి మాపటికి కళ్లు లోపలికి పోయి, వేళ్లు ముడుచుకుపోయి, గుర్తుపట్టలేనట్టు అయిపోతున్నాడు. వెళ్లి చూశాను. చూడకుండా రాసే అలవాటు నాకు లేదు.

వాసన భరించలేకుండా ఉంది. నాకు అక్కడే కారణం తెలిసిపోయింది. ఆ గల్లీ మురుగు పోయే మోరీ నీళ్లు బొగ్గుపొడి గుంటలో నిలిచి ఇంకుతుంటాయి. గుంట నిండి మురుగుతోంది. మురుగులోంచి కంపు, కంపులోంచి చెడుగాలి, చెడుగాలిలోంచి రోగం.

మధ్యాహ్నం రెండో గల్లీలోని సభగదిలో కూర్చున్నాం. ఊరి సర్దార్ ఓదెలు, డాక్టర్ మొండయ్య, నేను. మొండయ్యకు నా మాట ఎప్పుడూ మింగుడు పడదు.

"గాలి గాదు భూలక్ష్మీ, నేల" అన్నాడు. "బొగ్గు పొరల నడుమ తడి మురిగి, పంకా వేడికి ఆవిరై లేస్తది. అది అరికాళ్ల నుంచి కడుపుకు ఎక్కుతది. అందరికి చెప్పులు తొడిగించాలె."

"చెప్పులు తొడుక్కున్నోళ్లు గూడ పడ్డరు డాక్టర్ సాబ్."

"తోలు పలుచగ ఉండి ఉంటది."

ఓదెలు చెయ్యెత్తాడు. "మీ ఇద్దరిదీ గాదు. ఇది భయం. ఒకడు పడంగనే పక్కోనికి గుండె జారె, కడుపు జారె. ఎవరూ దీని ముచ్చట తియ్యొద్దని టముకు కొట్టిస్తే అదే పోతది."

"ముచ్చట తియ్యొద్దని ఊరంత అరిచి చెప్తవా అన్నా?" అన్నాను. మొండయ్య కూడా నవ్వాడు.

చివరికి ముసలాయన్ను అడిగాం. ముసలాయన అంటే పంకాగదిలోని మాట్లాడే యంత్రం. మా ముత్తాతలు పైలోకం వదిలి ఈ పాత బొగ్గుబాయిలోకి దిగినప్పుడు వెంట వచ్చింది అదొక్కటే. బాయిలో గాలి ఎలా నడపాలో, మంట ఎలా ఆర్పాలో తప్ప దానికి ఇంకేమీ నేర్పలేదు. "కారణం గాలి. గాలి రాకపోకలు పరిశీలించండి" అంది. వంకాయ కూర మాడిందన్నా అదే చెప్తుందని నాకు తెలుసు. అయినా మనసుకు హాయిగా అనిపించింది.

బయటికొస్తుంటే ఆరో గల్లీ నుంచి చాయ్ క్యాన్ మోసుకొచ్చే ముసలామె కనకవ్వ నా కొంగు పట్టుకుంది. "గిది గత్తర బిడ్డా. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిందంట, పైన ఊళ్లకు ఊళ్లు పోయినయట."

"గత్తర తిట్టు గదనే?"

"ఊకెనే తిట్టయితదా? గంత పాడుది గనుకనే తిట్టయింది."

పేరు తెలిసింది. పేరుతో రోగం కుదరదు. నేను చేయగలిగింది చేశాను. బొగ్గుపొడి గుంట కట్ట తెంచి, నాలుగో గల్లీ మోరీని వాలు కాలువలోకి మళ్లించి, ఊటనీళ్లతో కడిగించాను. ఇక అక్కడ చుక్క మురుగు నిలవదు. మా బాయి నేల పడమటి నుంచి తూర్పుకు వాలి ఉంటుంది, కాబట్టి నీళ్లు వాటంతటవే జారి పాత సంపులో కలుస్తాయి. అంత పెద్ద సంపులో కలిశాక వాసనేముంటుంది? వంగి ముక్కు పెట్టి చూశాను, ఏమీ లేదు.

గురువారం, పొద్దు షిఫ్టు

గాలి బాగుంది. నాలుగో గల్లీలో కూడా.

కంపు పూర్తిగా పోయింది. ఓదెలు స్వయంగా వచ్చి గాలి పీల్చి నా భుజం తట్టాడు. మొండయ్య చెప్పుల జతలు పట్టుకుని నిలబడి ఉంటే జాలేసింది. జాగ్రత్త కోసం నాలుగో గల్లీ తలుపులు రెండు వైపులా వేయించాను. గాలి పక్క సందులోంచి ఐదో గల్లీకి పోతుంది. లోపలివాళ్లకు ఊపిరాడేంత సందు మాత్రం తలుపు పైన వదిలాను. తిండి తలుపు కింది కిటికీలోంచి పోతుంది.

సరోజనతో మాటగొట్టంలో మాట్లాడాను. గోడలోంచి పోయే ఆ ఇనుప గొట్టంలో దాని గొంతు ముసలిదానిలా వినిపించింది.

"మా అత్తకు పట్టుకున్నదక్కా. పొద్దున్నుంచి నీళ్ల లెక్కనే పోతున్నది. నేనే ఎత్తి పడుకోబెడుతున్న, నేనే కడుగుతున్న. ఏం చెయ్యాల్నో చెప్పు."

"భయపడకు. తెరనీళ్లు తాపు. గంటగంటకు తాపు, వద్దన్నా తాపు. లోపలి చెడుగాలిని అవే కడిగేస్తయి."

"నువ్వు చెప్తే సరే అక్కా" అంది. అది నా మాట కాదనడం నేనెరుగను.

ఊరంతా అదే చేయమని చెప్పించాను. జబ్బు రానివాళ్లు కూడా రాకుండా ఉండటానికి తెరనీళ్లు ఎక్కువగా తాగాలని. తొట్ల దగ్గర వరసలు కట్టారు. ఇంత చక్కగా మాట వినే ఊరు ఎక్కడుంటుంది?

శనివారం, పొద్దు షిఫ్టు

గాలి బాగుంది. అదే అర్థం కావడం లేదు.

మూడో గల్లీలో గత్తర వచ్చింది. నిన్న ముగ్గురు, ఇవాళ లెక్క పెట్టడం మానేశాం. రెండో గల్లీలో ఓదెలు వాళ్ల అన్న కొడుక్కి కూడా. సభలో ఇప్పుడు ఎవరూ భయం మాట ఎత్తడం లేదు, అందరి ముఖాల్లో అదే ఉంది.

ఇలాంటప్పుడు బాయి చట్టం ఏమంటుందో చదవమన్నాడు ఓదెలు. నేను చదవక్కర్లేకపోయింది, ముసలాయనే చెప్పింది. "మంట గానీ విషవాయువు గానీ పుట్టిన గల్లీని రెండు వైపులా గోడ కట్టి మూసివేయాలి. లోపల గాలి ఆగితే కారణం నశిస్తుంది." బొగ్గుబాయిలో మంట లేచినప్పుడు మా ముత్తాతలు చేసింది అదే. గోడ కడితే గాలి అందక మంట ఆరుతుంది. నాలుగో గల్లీలో ఉన్నది మంట కాదు, మనుషులు. వాళ్లూ అలాగే ఆరిపోతారు. అందులో నా చెల్లెలు ఉంది.

"తొలి ఇటుక గాలి పెద్ద పెట్టాలె" అన్నాడు ఓదెలు. నా వైపు చూడలేదు. "ఇది మనందరికోసం చెల్లె. నాలుగోదాన్ని మొదటనే మూస్తే నా అన్న కొడుకు పడకపోయేటోడు."

నేను పెట్టనని అనలేదు. ఊరు మొత్తం పోతుందో, ఒక గల్లీ పోతుందో అని అడిగితే జవాబు నాకూ తెలుసు. మేస్త్రీలు ఇటుకలు మోసుకొచ్చారు. గోడ కట్టేముందు గాలి ఎటు పారుతోందో సాంబ్రాణి పొగతో చూడటం నా పని. పొగ లీకైన చోటల్లా ఇటుక గట్టిగా పడాలి. పని పనే కనుక తలుపు సందులో ధూపం పట్టి నిలబడ్డాను.

పొగ నా మొహం మీదికి రాలేదు. సందులోంచి లోపలికి జారి, అటుచివర ఐదో గల్లీలోకి తేలి, పంకా వైపు పోయింది. అటునుంచి అరుపులు వినిపించాయి: "ఎవల్లది పూజ? కళ్లు మండుతున్నయి!" ఆరో గల్లీలో ఎవరో పకపకా నవ్వారు. నేను మూడో గల్లీలోకి నడిచి ముక్కు ఎగబీల్చాను. సాంబ్రాణి జాడే లేదు. ఉండదు కూడా, గాలి ఎప్పుడూ ఇటు రాదు.

అప్పుడు నడక ఆపి లెక్కేసుకున్నాను. నాలుగో గల్లీ చెడుగాలి పీల్చింది ఐదు, ఆరు గల్లీలు. అక్కడ ఒక్కరికీ కడుపునొప్పి కూడా లేదు. పడిపోతున్నది మూడూ రెండూ. ఈ గత్తర గాలికి ఎదురు నడుస్తోంది. గాలిలో ఉన్న ఏ వస్తువూ గాలికి ఎదురు పోదు. ఊళ్లో ఇంకెవరు ఏమన్నా అననీ, ఈ ఒక్క సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మేస్త్రీ చేతికిచ్చిన ఇటుక కింద పెట్టి, "ఎల్లుండి పొద్దు షిఫ్టు దాకా ఆగండి" అన్నాను. ఓదెలు ఒప్పుకోలేదు. గోడలు లేపుతూనే ఉంటారట, చివరి వరస మాత్రం నాకోసం ఆపుతాడట. అంతకుమించి అతని చేతిలో లేదని అతని మొహమే చెప్పింది.

ఆదివారం, రెండో షిఫ్టు

గాలి బాగుంది. గాలి మీద నాకు అనుమానం లేదు, గాలిని అనుమానించినందుకే సిగ్గుగా ఉంది.

పొద్దున్నుంచి ఒక్కొక్క మాటనూ పట్టుకుని ఉతికాను. మొండయ్య నేల ఆవిరి: ఆరు గల్లీలకూ నేల ఒకటే, బొగ్గు ఒకటే. పైగా పంకా దగ్గర వేడెక్కువ, ఆవిరంటూ లేస్తే ఆరో గల్లీలో లేవాలి. ఆయనతోనే అన్నాను.

"మరి ఆరోగల్లీ వాళ్ల అరికాళ్లు మొద్దుబారి ఉంటయి" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నాకూ నమ్మకం పోయింది భూలక్ష్మీ. నిన్న ఏడుగురికి చెప్పులు తొడిగిన. నలుగురు చెప్పులతోనే పోయిన్రు" అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూశాను.

ఓదెలు భయం: అందరికంటే ఎక్కువ భయపడింది ఆరో గల్లీ. కనకవ్వ ఊరందరికీ గత్తర కథలు చెప్పి పిల్లల్ని ఏడిపించింది. అయినా అక్కడ ఎవరూ పడలేదు. ముట్టుకుంటే వస్తుందేమో? అయితే రోగులందరినీ ఎత్తి కడిగే మనిషి మొదట పడాలి.

ఆ ఆలోచన రాగానే మాటగొట్టం దగ్గరికి పరుగెత్తాను.

"సరోజనా, ఎట్లున్నవే?"

"అత్త పోయిందక్కా" అంది. "నిన్న మాపటికి. చివరిదాక నువ్వు చెప్పినట్టే తాపిన. వద్దు బిడ్డా అన్నా బలవంతంగ నోట్ల పోసిన."

నేను గొట్టాన్ని పట్టుకుని కింద కూర్చుండిపోయాను. ఏడుపు ఆపుకోలేదు. నా ఏడుపు దానికి వినిపించి, "నువ్వేడిస్తే నన్నెవరు బయటికి తీస్తరు? లే" అని కసిరింది.

లేచాను. "నువ్వెట్లున్నవు? నీకేం కాలేదా?"

"నాకేమైతది? ఈడ నడిచేటోళ్లం ఐదుగురం ఉన్నం, అందరికీ నేనే చేస్తున్న. బట్టలుతుకుతున్న, మోరీ కడుగుతున్న. పాడు వాసన పట్టి నా ముక్కే సచ్చిపోయింది."

"అందరు తిన్నదే తింటున్నవా?"

"కిటికీల నుంచి వచ్చిందే. గట్క, పుట్టగొడుగుల పులుసు. తినబుద్ధి అయితలేదుగనీ చాయ్ మీద బతుకుతున్న."

"నీళ్లు?"

"నీళ్లెక్కడివి? గా తెరనీళ్లు నాకు పడయని నీకెరుకేగద. తుమ్మి తుమ్మి సావాల్నా? ఈ గత్తరల గూడ నా తుమ్ములతోటి ఆటలేనా అక్కా!"

నాకు నవ్వు రాలేదు. ఆ ఐదుగురిలో మిగతా నలుగురు ఎవరని అడిగాను. ఒకామె ఆరో గల్లీ నుంచి వచ్చిన కోడలు, ఇంకా చాయే తాగుతుందట. ఒకతను కల్లు తప్ప ఇంకోటి ముట్టడు, అతని తమ్ముడూ అంతే. ఇంకొకామె చంటిపిల్ల తల్లి, బాలింతకు కాచిన నీళ్లే ఇస్తారు.

గొట్టం వదిలి సంపు దాకా నడిచాను. మా బాయిలో గాలి తూర్పు నుంచి పడమటికి పోతుంది. నీళ్లు పడమటి నుంచి తూర్పుకు జారుతాయి. ఎన్ని ఏళ్లు చూశానో ఈ రెంటినీ. వాంతులైన మనిషి జట్టు వేళ్లు కడిగిన కుండీలోంచి గత్తర మొదట నాలుగో గల్లీ తెరనీళ్లలోకి దిగింది. నాలుగో గల్లీ మోరీ నా ఆజ్ఞ మీదే కాలువలోకి, కాలువలోంచి ఈ సంపులోకి పడుతోంది. ఈ సంపులోంచే మూడు, రెండు, ఒకటి గల్లీల తెర కుండీలు నిండుతాయి. వాసన లేదని నేనే వంగి చూసి సరేనన్న నీళ్లు. గత్తరను గాలికి ఎదురు నడిపించింది నేనే.

దీన్ని చెబితే ఎవరు నమ్ముతారు? తెరనీళ్లంటే ఈ ఊరికి అంత నమ్మకం. నేను కూడా నిన్నటిదాకా నమ్మేదాన్ని కాదు. కాబట్టి చెప్పను, చూపిస్తాను. గడపలకు పూసే జాజు బస్తా ఒకటి మా ఇంట్లో ఉంది.

సోమవారం, పొద్దు షిఫ్టు

గాలి బాగుంది, మిగతాదంతా రాస్తాను.

పొద్దున్నే జాజు ఎర్రమట్టిని నాలుగో గల్లీ మోరీ కాలువలో పడే చోట కలిపాను. కాలువ నిన్నంతా పారుతూనే ఉంది, ఇవాళా పారుతుంది. నేను కొత్తగా పంపింది రంగు ఒక్కటే. సభ తేలేదాకా ఎవరూ తెరనీళ్లు ముట్టకూడదని నిన్న రాత్రే తొట్లన్నిటి దగ్గరా మనిషిని పెట్టి, నాలుగో గల్లీకి గొట్టంలోనూ, గాలి పెద్ద మాటగా చెప్పించాను. సభగది తొట్టి ఒక్కటి మాత్రం నేనే చూసుకుంటానన్నాను.

గోడలు దాదాపు పూర్తయ్యాయి. చివరి వరస ఇటుకలు గల్లీ ముందు పేర్చి ఉన్నాయి. ఓదెలు అన్న కొడుకు తెల్లవారుజామున పోయాడు. సభలో ఓదెలు ఎర్రబడ్డ కళ్లతో కూర్చున్నాడు.

"నీ గడువు అయిపోయింది చెల్లె. ఇటుక పెడతవా, నన్ను పెట్టమంటవా?"

"పెడతన్నా. ముందు గొంతు తడుపుకుందాం. పెద్ద పనికి ముందు తెరనీళ్లు తాగుడు మన పద్ధతి."

నా వైపు వింతగా చూసినా కాదనలేదు. అతిథులకు వాడే గాజు గ్లాసులు తీసి సభగది తెర కిందికి తీసుకెళ్లాను. మొదట ఎవరూ తెర వైపు చూడలేదు. ముందు చూసింది మొండయ్య. ఆయన వేలెత్తి చూపించాడు.

తెర పైనుంచి ఎరుపు దిగుతోంది. పసుపు వన్నె వట్టివేళ్ల మీద మొదట చారలుగా, తర్వాత మొత్తంగా. తొట్టిలో చుక్కలు చప్పుడు చేస్తూ పడ్డాయి. గ్లాసు నింపి ఓదెలు ముందు పెట్టాను. అచ్చం జాజు రంగు.

"ఏంది ఇది?"

"నాలుగో గల్లీ మోరీల పొద్దుగాల నేను కలిపిన జాజు. అక్కడ రోగుల కింది గుడ్డలు కడిగిన మోరీల. తాగు అన్నా."

అతను గ్లాసును ముట్టుకోలేదు.

"ఎరుపు ఇవాళ ఉన్నది గనుక తాగవు. మొన్న లేకుండె, అందరం తాగినం. నీ అన్న కొడుకు తాగిండు. సరోజన అత్త తాగింది, నేను తాపిచ్చిన." గ్లాసు ఇంకాస్త ముందుకు జరిపాను. "ఆరో గల్లీ గోనె నీళ్లు కంపు గొడుతయని కాచుకుంటది, బతికింది. నా చెల్లె తుమ్ములొస్తయని తాగది, రోగుల నడుమ తిరుగుతనే ఉన్నది. గత్తర గాలిలో లేదు అన్నా. మన గ్లాసులల్ల ఉన్నది."

మొండయ్య లేచి తొట్టి దగ్గరికి వచ్చి, వంగి వాసన చూశాడు. "కమ్మగనే ఉన్నది" అన్నాడు, నమ్మలేనట్టు.

"అదే మన ఖర్మ డాక్టర్ సాబ్. ఇన్నాళ్లు ముక్కుతోటి నీళ్లు తాగినం."

ఓదెలు లేచి పంకాగదికి పోయి ముసలాయన్ను అడిగాడట. "కారణం గాలి" అని చెప్పిందట. తిరిగొచ్చి, "దాని నోరు మూయించు" అని నాతో అని, గోడ పని ఆపించడానికి మేస్త్రీల దగ్గరికి తనే నడిచాడు.

బుధవారం, పొద్దు షిఫ్టు

గాలి బాగాలేదు.

మొదటిసారి ఈ మాట రాస్తున్నాను, నిమ్మళంగా రాస్తున్నాను. తెరలన్నీ తీయించాను. సంపు నీటిని కుండీలకు పోకుండా ఆపాను. మోరీని పాత గుంటకు మళ్లించాను. గల్లీల్లో ఉక్కపోత, కంపు. మొదటి గల్లీ పెద్దమ్మలు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని నన్ను తిట్టుకుంటూ తిరుగుతున్నారు. తిట్టుకోనివ్వండి. ఈ కంపు ఎవరినీ చంపదు.

నీళ్లు కాచడం నేర్పేది ఆరో గల్లీ. కనకవ్వ మొదటి గల్లీలో పెద్ద బానలు పెట్టించి, ఉడికే నీళ్ల మీద గిన్నెతో అధికారం చలాయిస్తోంది. "పొంగాలె బిడ్డా, బుడగలు గాదు, పొంగాలె" అని పెద్దమ్మలను దబాయిస్తుంటే ఊరంతా వినిపిస్తోంది. మొండయ్య చెప్పులు పక్కన పడేసి ఉప్పేసిన గంజిని కాచిన నీళ్లతో కలిపి గంటగంటకు తాపిస్తున్నాడు. పడ్డవాళ్లలో సగం పైగా లేచి కూర్చుంటున్నారు. కొత్తగా పడేవాళ్లు నిన్న తగ్గారు, ఇవాళ ఇంకా తగ్గారు. మూడో గల్లీలో నిన్నటి నుంచి ఎవరూ పోలేదు.

నిన్న గోడ విప్పారు. పై వరస ఇటుకలు నేనే తీశాను, తొలి ఇటుక పెట్టని చేత్తో. గోడ నడుము ఎత్తుకు దిగగానే సరోజన అవతలి నుంచి కనపడింది. సన్నగా అయిపోయింది. మోచేతుల దాకా చేతులు పగిలి ఉన్నాయి. దాన్ని పట్టుకుందామని చెయ్యి చాపాను. అది చెయ్యివ్వలేదు.

"అత్తను నేనే చంపిననా అక్కా?"

"నువ్వు గాదు. నేను చెప్పిన, నువ్వు విన్నవు."

"నువ్వు చెప్తే తప్పుండదని ఎప్పుడు అనుకుంటనే ఉంటి" అంది. తిట్టినట్టు అనలేదు, అలిసిపోయి అంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇగ నుంచి అట్ల అనుకోకు" అన్నాను. "నేను చెప్పింది కూడా చూసి నమ్ము."

అప్పుడు గోడ దాటి వచ్చింది. ఇద్దరం అక్కడే ఇటుకల మీద కూర్చుని ఏడ్చాం. కనకవ్వ పంపిన క్యానులోంచి ఒక గ్లాసు చాయ్ పోసి దాని చేతికిచ్చాను. రెండు చేతులా పట్టుకుని అది నా వైపు చూసింది.

"కాచిందేనా?"

"చూస్కో" అన్నాను.

గ్లాసు మీద ఆవిరి లేస్తోంది. అది ఆ ఆవిరిలో మొహం పెట్టి, ఎంతసేపు చూడాలో అంతసేపు చూసి, అప్పుడు తాగింది.